కుండ మీది దారం

ఏమప్పా, బాగున్నావా? నీ ఉత్తరానికి జవాబు రాయడానికి రెండు నెలలు చేశాను, మన్నించు. ఎందుకు ఆలస్యమైందో చదివితే నన్ను తిడతావు. మన భూగోళం అయివారు మొన్న ఆదివారం పొద్దున పోయారు.

సున్నం పూసిన కుండ మీద నీలిమందుతో సముద్రాలు, ఎర్రమన్నుతో దేశాలు గీసి మనకు పాఠం చెప్పిన మనిషి. కుండకు పగులొస్తే "భూకంపం వచ్చిందిరా" అంటూ మైనం పూసేవారు. నా బట్టల అంగడికొచ్చి సాగని దారమే కావాలనేవారు. లాగి చూసి, "ఇది సాగుతాది నాయనా, నన్ను బొంకులోణ్ణి చేస్తాది" అని తిరిగిచ్చేసేవారు.

నీకు ఢిల్లీ విమానాశ్రయంలో పని దొరికిందని చెప్పగానే ఎంత సంబరపడ్డారో! ఢిల్లీ నుంచి న్యూయార్కుకు దగ్గరి దారేదో మర్నాడే పిల్లలకు పాఠం. కుండ మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగిస్తే, అది పడమటికి పోకుండా ఉత్తరపు మంచు మీదుగా పోయింది.

ఈ సంగతి విని బడి కమిటీ ప్రెసిడెంటు వచ్చాడు. బడికి గోడ పటం దానమిచ్చి, దాని మీద దేశాల పేర్లకన్నా పెద్దగా తన పేరు రాయించుకున్న మహానుభావుడు. నా అంగడి గజం బద్ద తెమ్మన్నాడు. నేనే పట్టుకుపోయాను. దాన్ని పటం మీద అడ్డంగా పెట్టాడు.

"ఈడ ఢిల్లీ, ఆడ న్యూయార్కు. దావ తిన్నగా ఉండాది. విమానం మంచులోకి యాల పోతాది అయివారూ, ఐసు తినేకా?"

"పటంలో భూమిని సాపు చేసి పరిచినారు సామీ. భూమి గుండ్రంగా ఉండాది."

"నా చేను యాడ గుండ్రంగా ఉండాదో చూపీ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి అయివారికి భూగోళం తీసేసి డ్రిల్లు అప్పజెప్పారు. గజం బద్దతో భూమిని కొలిచిన మొనగాడి తీర్పు అది! పంచె కొలవమంటే అంచు యాడుందో తెలియదు వాడికి.

ఆ సాయంత్రం అయివారు నా అంగడి మెట్టు మీద కూచుని, "విమానం తోలేవాళ్లను అడగమని ఢిల్లీకి రాయి నాయనా. వాళ్లు చెప్తే నా పాఠం నాకిస్తారు" అన్నారు. రాశాను. నువ్వు వెంటనే జవాబిచ్చావు: యాడా ఆగకుండా పోగలిగితే, దారం చూపించిందే దగ్గరి దారని.

అప్పుడే ప్రెసిడెంటు ఇంట్లో పెళ్లి కుదిరింది. బట్టలన్నీ నా దగ్గరే. పెళ్లి కానీలే అనుకుని నీ ఉత్తరాన్ని గల్లాపెట్టెలో దాచాను. అయివారు రోజూ ఎండలో డ్రిల్లు చేయించి, చెమటలు తుడుచుకుంటూ వచ్చి అడిగేవారు.

"జాబొచ్చిందా నాయనా?"

"ఇంకా లేదు అయివారూ."

"వస్తాదిలే. ఢిల్లీ శానా దూరం."

పెళ్లయింది. ఇద్దామనుకున్న వారంలోనే ఆయన మంచం పట్టారు, లేవలేదు.

సంతాప సభలో ప్రెసిడెంటు అదే పటం ముందు నిలబడి, ఆయనంతటి భూగోళం పండితుడు జిల్లాలోనే లేడని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. కన్ను మాత్రం తడవలేదు. ఛీ అనిపించింది. ముందు వరసలో కూచుని తలూపిన నన్ను తలుచుకుంటే అంతకన్నా రోత.

"మీ అంగడి దారమే గదప్పా" అని ఆయన భార్య ఆ కుండను నాకే ఇచ్చింది. గల్లా పక్కన పెట్టుకున్నాను. దారం సడలలేదు, ఇంకా మంచు మీదుగానే బిగిసి ఉంది. నీ ఉత్తరాన్ని గల్లాపెట్టెలోంచి తీసి దాని కిందే పెట్టాను. బడిలో అందరి ముందూ దాన్ని నేనే చదవాలి. ఒక్కణ్ణే అయితే మళ్లీ నవ్వేస్తానేమోనని భయం. నువ్వు పక్కన ఉండాలి. ఎప్పుడొస్తావప్పా?