యోసేపు గాదెలు

అరవైల మొదట్లో ఒక మధ్యాహ్నం నేనెక్కిన జహీరాబాద్ బస్సు చిరాగ్‌పల్లి దగ్గర చెడిపోయింది. రోడ్డు పక్క ఇంటి పెద్దావిడ నన్ను పిలిచి, వాకిట్లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. గోడ మీద శిలువ ఉంది. నా చేతిలోని పత్రికలో పిరమిడ్ల బొమ్మ చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"ఐగుప్తుల యోసేపు కట్టిచ్చిన గాదెలు గదా సారూ! కరువొస్తదని గింజలు దాసిండు."

తెనాలిలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి, ఊరుకోలేకపోయాను. "కాదమ్మా, అవి రాజుల సమాధులు."

"మీరు పోయి చూసిన్రా?"

"లేదు. పుస్తకంలో చదివాను."

"నేను గూడ పుస్తకంలనే చదివిన."

బైబిల్లో ధాన్యం మాట ఉంది గానీ పిరమిడ్ల మాట లేదన్నాను. ఆమె వినలేదు. నేనూ తగ్గలేదు. చివరికి నేను కూర్చున్న చోటే వేలితో చూపించింది.

"మీ కిందనే జొన్నల పాతరున్నది. మొన్నటి కరువుల గదే మమ్ముల బతికిచ్చింది. చచ్చినోని కోసం గంత రాయి ఎవడు మోస్తడు సారూ?"

గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి మన్నుతో కప్పేస్తారట. మా వైపు ధాన్యం దాచడానికి ఇంటి ముందు గడ్డి తాళ్లతో పురులు కడతారు. తిండిగింజల మీద కూర్చుని వాదించడం నాకదే మొదలు.

బస్సు హారన్ మోగింది. ఆమె రెండు జొన్నరొట్టెలు నా చేతిలో పెట్టింది. వాకిలి దాటుతూ కూడా అన్నాను, "అవి సమాధులేనమ్మా" అని.

"ఐతే గా రాజుకు బుద్ధి లేదు," అంది. "గాని గవి గాదెలే."