నూకరాజుకు తాగుబోతని పేరొచ్చిన వైనం

నూకరాజు పుట్టి బుద్ధెరిగి కల్లు చుక్క నాలిక మీద వేసుకోలేదు. జాతరలో అందరూ తాగి దొర్లుతుంటే వాళ్ళ చెప్పులకు కాపలా కూర్చున్న మనిషి. అలాంటివాడికి నలభై ఆరో ఏట, బిలాస్‌పూర్‌లో, తార్‌బహార్ పేట అవతల తను కాపలా కాసే రైలు గేటు దగ్గర తాగుబోతని పేరొచ్చింది.

రైల్వేలో అదొక అలవాటు. పట్టాల మీద ఇన్‌స్పెక్టరు ట్రాలీ కనబడితే చాలు, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే చివాలున లేచి సలాం కొట్టాలి. ఆ మధ్యాహ్నం నూకరాజు అలాగే లేచాడు. కళ్ళు చీకట్లు కమ్మి, చేతిలో జెండాతో సహా ఇన్‌స్పెక్టరు జగన్నాథం కాళ్ళ మీద పడ్డాడు.

జగన్నాథం వంగి వాసన చూశాడు. "అచ్ఛా! డూటీలో తాగినావేటిరా?"

"నీ మీదొట్టు బాబూ, నాను తాగనేదు."

"మరా కంపేటి? గంధమా?"

కంపు నిజమే. నెల్లాళ్ళుగా ఉంది. పెళ్ళాం మంగాయమ్మ కూడా అనుమానపడి గేటు గదిలో సీసా కోసం వెతికింది. పళ్ళపొడి డబ్బా దొరికింది.

తాగలేదని డాక్టరు కాగితం తెస్తేనే ఉద్యోగం అన్నాడు జగన్నాథం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుంటూరు పిల్ల. నెత్తురు పరీక్ష చూసి, కిడ్నీలు ఎప్పటినుంచో చెడిపోతున్నాయని, నోటి కంపు వాటిదేనని చెప్పింది. బీపీ మాత్రం స్టూలు మీద కూర్చోబెట్టి చూసి, పడిపోయేంత తక్కువేం లేదని రాయబోయింది.

మంగాయమ్మ కొంగు బిగించింది. "కూకోబెట్టి సూస్తే ఏటి తెలుస్తాదమ్మా? కూకున్నోడు ఎక్కడ పడతాడు? నిలబెట్టి సూడు!"

డాక్టరమ్మ నవ్వుతూ నిలబెట్టింది. బీపీ గొట్టంలో పాదరసం ఇందాకటి గీత దాటి సర్రున కిందికి జారింది. నూకరాజు బల్ల పట్టుకున్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మనం లేవగానే నెత్తురు కాళ్ళలోకి దిగుతుందమ్మా. మనకు తెలియకుండానే దాన్ని పైకి నిలబెట్టే నరాలుంటాయి. కిడ్నీలు చెడితే అవీ మొద్దుబారిపోతాయి."

"అంటే లోపలున్న గేటుమేను నిద్రోయాడన్నమాట," అన్నాడు నూకరాజు.

కాగితం మీద రెండు మాటలు పడ్డాయి. తాగలేదు. గేటుకు పనికిరాడు. మొదటి మాటను మంగాయమ్మ తార్‌బహార్‌లో ఇంటింటికీ చెప్పి వచ్చింది. రెండోది నూకరాజు ఒక్కడే మోశాడు.

షెడ్డులో కూర్చుని లాంతర్లు తుడిచే పనిచ్చారు. వారం తిరక్కుండా జగన్నాథం అటు వచ్చాడు. నూకరాజు లేవబోయాడు.

"కూకోరా," అన్నాడు జగన్నాథం, నేల చూపులు చూస్తూ.

నూకరాజు కూర్చోలేదు. గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని, ఆగి, మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. తూలలేదు. సలాం కొట్టి, అప్పుడు కూర్చున్నాడు.