తొమ్మిదో మనిషి

నా చిన్నప్పుడు మా గరిడేపల్లి మీదుగా పొద్దున ఏడింటికి మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సు ఒకటి ఉండేది. మా బాబాయి కోదాడలో గది కిరాయికి తీసుకుని డిగ్రీ చదువుతుండేవాడు. ఆయన అన్నం ఆ బస్సులోనే పోయేది. మా నాయనమ్మ నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ సర్ది ఇస్తే, నేను రోడ్డు దాకా మోసుకెళ్లి బస్సు ఎక్కించేదాన్ని. కోదాడ బస్టాండులో టీ కొట్టు దగ్గర దింపేవాళ్లు. ఖాళీ క్యారియర్ సాయంత్రం బస్సులో తిరిగొచ్చేది. ఆ రోజుల్లో చాలా ఇళ్ల అన్నం అలాగే ప్రయాణం చేసేది.

నాకప్పుడు పదేళ్లు. సెలవులకు వచ్చినప్పుడు బాబాయి తెచ్చి పడేసే డిటెక్టివ్ పుస్తకాలన్నీ దొంగచాటుగా చదివేదాన్ని. వాటి చివర పరిశోధకుడు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి నేరస్తుడి పేరు బయటపెడతాడు. అందరూ నిర్ఘాంతపోతారు. ఆ ఒక్క పేజీ కోసమే మిగతా పుస్తకమంతా చదివేదాన్ని.

ఒక సాయంత్రం క్యారియర్ నా చేతిలో గలగలలాడింది. నాయనమ్మ విప్పి చూసింది.

"ఏందే ఇది? గీ మూడో గిన్నె మనది కాదు. సూడు, ఎట్ల ఊగుతున్నదో."

టీ కొట్టు వాళ్లే మార్చి ఉంటారని ఆవిడ వాళ్లను నాలుగు తిట్టి ఊరుకుంది. నేను ఊరుకోలేదు. గిన్నె అంచుకు ఎండిన సేమియా అంటుకుని ఉంది. స్టవ్ కూడా సరిగా ముట్టించలేని బాబాయికి ఎవరో పాయసం చేసి పెడుతున్నారన్నమాట. ఇక గిన్నె మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఉంది, కింద ఊరి పేరు. అది మా ఊరి టైలర్ పేరే. ఆయన కూతురు, నేను అక్కా అని పిలిచే అమ్మాయి, ఇంటర్ రెండో ఏడు చదువుతూ రోజూ ఆ ఏడింటి బస్సులోనే కోదాడ పోయేది. మా క్యారియర్ ఒలికిపోకుండా కాళ్ల మధ్య పట్టుకుని కూర్చునేది కూడా ఆమే. కిందటి వారమే, మీ బాబాయి ఎప్పుడొస్తాడని నన్ను అడిగింది. బాబాయి పాత నోట్సు కోసం అడిగిందని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నా లెక్కలో మూడు ఆధారాలూ కలిసిపోయాయి.

ఆ ఆదివారం సూర్యాపేట నుంచి ఒక పెద్దమనిషి బాబాయికి సంబంధం తెచ్చాడు. నాయనమ్మ వేములపల్లిలో తన చెల్లెలి ఇంటికి వెళ్లి ఉంది. అరుగు మీద నాన్న, పెదనాన్న, ఇరుగుపొరుగు వాళ్లు కూర్చున్నారు. అమ్మ చాయ్ అందిస్తోంది. ఇంతకంటే మంచి సభ నాకు దొరకదనిపించింది. లోపల దాచిన గిన్నె తెచ్చి, బాబాయి ఎవరిని ప్రేమిస్తున్నాడో నాకు తెలుసునని చెప్పి, దాని మీది పేరు పైకి చదివాను. పాయసం సంగతి, బస్సు సంగతి అన్నీ వరుసగా వివరించాను. పుస్తకంలో లాగే అందరూ నిర్ఘాంతపోయారు.

సూర్యాపేట ఆయన గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "పిల్లగానికి సంబంధం బస్సులనే కుదిరినట్టుంది గద. ఇగ మాతోని ఏం పని?"

నాన్న ముఖం ఎర్రబడింది. గిన్నె లాక్కుని టైలర్ ఇంటికి నడిచాడు. నేనూ వెనకే పరుగెత్తాను, నా విజయం చూసుకోవడానికి. నాన్న గిన్నెను మిషన్ మీద విసురుగా పెట్టి అన్నాడు: "మీ గిన్నె మీరే ఉంచుకోండ్రి. మా పిల్లగాని జోలికి రావద్దని నీ బిడ్డకు చెప్పు." టైలర్ ఆ గిన్నెను తిప్పి తిప్పి చూశాడు. తన పేరే. అక్క చేతిలో పెన్నుతో లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. మర్నాడు ఆమె బస్సెక్కలేదు. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి.

నాయనమ్మ ఊరి నుంచి వచ్చి సంగతంతా విన్నది. నన్ను కొట్టలేదు. వంటింట్లో గిన్నెల అర ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్కటే దించి చేతికిచ్చి, మీద ఉన్న పేరు చదవమంది. చదివాను. ఆవిడ తమ్ముడి పేరు. మిర్యాలగూడ బియ్యం మిల్లు గుమాస్తా పేరు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల పేర్లు. పది, పదిహేను, ఇరవై.

"మన పేరున్నదొకటి తియ్యి," అంది.

ఒక్కటీ లేదు.

"పెండ్లిళ్ల చదివిస్తరు. ఇచ్చినోళ్ల పేరే కొట్టిస్తరు. ఆ పేరున్నోళ్ల ఇల్లు తప్ప ఇంకే ఇంట్లనన్న ఉంటదే ఆ గిన్నె. ఆ టైలరు జాకెట్లు కుట్టిన పెండ్లికల్లా ఒకటి చదివిస్తడు. ఎన్ని ఊర్లల్ల ఉన్నయో ఆయనకే ఎరుక లేదు."

నా చేతిలోని గిన్నెను మెల్లగా కింద పెట్టాను.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కోదాడ వెళ్లింది. బాబాయి గది ఇంటి యజమానురాలు దాచకుండా చెప్పింది. "మా పెద్దమ్మాయి పెళ్లికి జాకెట్లు ఆయనే కుట్టాడమ్మా, గిన్నె ఆయన చదివించిందే. మా చిన్నది పాయసం పంపితే గిన్నెలు మారిపోయినట్టున్నాయి." చిన్నది తలుపు వెనక ఉంది. బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు.

"పాయసం తిననీకి సిగ్గులేదు గని, చెప్పనీకే సిగ్గారా నీకు?" అంది నాయనమ్మ. మరుసటి ఏడు వాళ్లిద్దరి పెళ్లీ ఆవిడే దగ్గరుండి చేసింది.

బస్సు దిగి నేరుగా టైలర్ ఇంటికి వెళ్లాం. జరిగిందంతా నా చేతనే చెప్పించింది నాయనమ్మ. టైలర్ మెత్తని మనిషి. "చిన్నపిల్ల, దానికేం ఎరుకమ్మా. కని బిడ్డను మల్ల బస్సెక్కిస్తే మంది ఊకుంటరా?" అన్నాడు.

అక్క నన్ను తిట్టలేదు. దగ్గరికి పిలిచి, "ఆ దినం మీ అరుగు మీద ఎంతమంది ఉన్నరే?" అని అడిగింది. వేళ్ల మీద లెక్కపెట్టాను. తొమ్మిది మంది. "అయితే ఆ తొమ్మిది మందికీ నువ్వే పోయి చెప్పు. ఎంత గట్టిగ చదివినవో గంత గట్టిగనే చెప్పు. అప్పుడన్న బాపు నన్ను పంపిస్తడు."

మొదట నాన్నకు చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. మర్నాడు మాత్రం టైలర్ దగ్గరికి వెళ్లి, అవసరం లేకపోయినా చొక్కాకు కొలతలిచ్చి వచ్చాడు. క్షమించమనడానికి ఆయనకు అంతకంటే చేతకాలేదు. తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. ఒకాయన తమాషాకు రెండోసారి కూడా చెప్పించుకున్నాడు. మూడు రోజుల్లో ఎనిమిది మంది అయ్యారు.

తొమ్మిదో మనిషి సూర్యాపేట ఆయన. ఆదివారం పోదామంది నాయనమ్మ. ఆయన నవ్వు గుర్తొచ్చి, తెల్లవారేసరికి కడుపునొప్పి అని ముడుచుకుని పడుకున్నాను. నాయనమ్మ నా కడుపు మీద చెయ్యి వేసి చూసింది. అబద్ధమని ఆవిడకు తెలుసనే అనుకుంటాను. లేచి వెళ్లిపోయింది. ఆ నిర్ణయం నాకే వదిలేసింది. నేను మంచం దిగలేదు.

అక్క అడిగింది, "అందరికీ చెప్పినవా?" అని.

"చెప్పినా," అన్నాను.

ఆమె బస్సెక్కింది. పరీక్ష పాసయింది. రెండేళ్ల తర్వాత ఆమెకు సూర్యాపేట నుంచే ఒక సంబంధం వచ్చింది. ఆమెకు అబ్బాయి నచ్చాడు, వాళ్లకు ఆమె నచ్చింది. మాటలన్నీ అయ్యాక వాళ్లు వెనక్కి తగ్గారు. అక్కడి పెద్దమనిషి ఎవరో, ఆ పిల్ల సంగతి మాకు ఎరుకే అన్నాడట. ఆ పెద్దమనిషి ఎవరో నేను ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. అక్క వారం రోజులు బయటికి రాలేదు.

తర్వాత నేను పత్రికలో చేరి ముప్పై ఏళ్లు పని చేశాను. తప్పు మొదటి పేజీలో వేసి, సవరణ లోపలి పేజీలో ఒక మూలన వేయడం ఎన్నోసార్లు చూశాను. వేసినవాళ్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

సూర్యాపేట ఆయన ఎప్పుడో పోయాడు. అక్క మిర్యాలగూడలో టీచరుగా చేసి రిటైరయింది, పిల్లలు, మనుమలు ఉన్నారు. మొన్న ఒక పెళ్లిలో నన్ను చూసి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ తొమ్మిదో మనిషి సంగతి అప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఏందే?" అంది.

"ఏం లేదక్కా," అన్నాను.

నాకు అరవై దాటాయి. చెప్పవలసినవాళ్లలో ఇప్పుడు ఆమె ఒక్కతే మిగిలింది.