కళ్ళు వెయ్యని ముసలమ్మ

మొన్న నంద్యాలలో ఫోటో స్టూడియోకు పోతే, పెళ్ళి ఫోటోలో రెప్పలు మూసుకున్న మా ఆవిడకు అక్కడి మనిషి టీ తాగుతూనే కంప్యూటర్లో కళ్ళు తెరిపించాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. జత కళ్ళు వెయ్యడానికి నేనొకప్పుడు పడిన యాతన మన కాలం వాళ్ళకైతేనే అర్థమవుతుంది. నేను చెప్పేవాటిలో రూపాయికి పదణాలు కోతలేనని మా ఆవిడ అంటుంది గానీ, ఇది మిగిలిన ఆరణాల్లోది.

మాది ఆళ్ళగడ్డ. ఇంటిల్లిపాదీ దేవుళ్ళను చెక్కేవాళ్ళు. నేను ఉలి తీసుకుంటే మాత్రం రాయిలోని దేవుడు ముందుగా ముక్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. డెబ్భైల చివర్లో, రంగులు నేర్చుకుంటానని నాయనను వేధించి నంద్యాల చేరాను. అక్కడ రిటైరైన డ్రాయింగు అయ్యవారు ఒకాయన, ఆదివారం చర్చికి, తక్కిన ఆరు రోజులూ బొమ్మలకు. ఆయన దగ్గర అట్ట ఊడిన పుస్తకంలో, పాతకాలపు యూరపు చిత్రకారుడెవరో వేసిన ముసలమ్మ బొమ్మ ఉండేది, తలకు తెల్లగుడ్డ చుట్టుకుని, మెడ కాస్త పక్కకు తిప్పి. ఆమెను నీటిరంగుల్లో సరిగ్గా దించేదాకా బతికున్న మనిషి ముఖం జోలికి పోకూడదని ఆయన నియమం. నాయన పెట్టిన గడువు వేరే. చేతిలోని నంది పని కాగానే వచ్చి చూస్తాడు, ముఖం ముఖంలా లేకపోతే అదే రోజు ఆళ్ళగడ్డ బస్సెక్కి మళ్ళీ ఉలి పట్టాలి.

నాలుగు నెలలు నాసిరకం కాగితాల మీద ఆ ముసలమ్మ ఒకసారి మా మేనత్తలా, ఒకసారి మా ఊరి కానిస్టేబులులా వచ్చింది. చివరికి అయ్యవారు దాచుకున్న మందపాటి కాగితం ఒక్కటంటే ఒక్కటి నా చేతికిచ్చి, రంగు లేతగా ఉన్నప్పుడే కళ్ళు వేసుకుని వాటిని బట్టి చెంపలు పెంచుకోమని చెప్పి, చాగలమర్రిలో కూతురింటికి పోయాడు.

నేను విన్నాను గానీ నా చెయ్యి వినలేదు. మా ఇంట్లో ఏ విగ్రహానికైనా కళ్ళు ఆఖర్న తెరవాల్సిందే, అదీ పెద్దవాళ్ళు పక్కన నిలబడితేనే. ఆ అలవాటుకొద్దీ ముడతలు, పెదవి, గడ్డం అన్నీ ముగించి చూస్తే, ముఖం మధ్య రెండు తెల్లటి గుంతలు మిగిలాయి. చుట్టూ రంగు ముదిరిపోయింది. ఇక తప్పు పడితే తుడిచే దారి లేదు, గీకితే కాగితం లేస్తుంది. మూడు రోజులు కుంచె తడపడం, ఆరబెట్టడం, ఇదే పని. వీధిలో బస్సు హారను మోగితే కిటికీ దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. నాలుగోనాడు పొద్దున్నే నాయన దిగనే దిగాడు. నంది పూర్తయిందట.

నేను పుస్తకం చాప కిందికి తోసి, ఈమె గుడ్డిదని, అసలు బొమ్మలోనే అట్లుందని చెప్పేశాను. ఊరుకోక, అడుగుల చప్పుడును బట్టి మనవళ్ళను గుర్తుపట్టేదని కూడా కలిపాను. నాయన బొమ్మ మీదికి వంగి చూశాడు. కాగితానికి తగలకుండా, గాలిలోనే బొటనవేలితో ఆమె మెడ తడిమాడు.

"గుడ్డిదైతే మెడ అట్ల తిప్పదురా. ఈమె ఎవురినో చూస్తాంది."

ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నేనీడ్నే ఉంటా. తెరువ్."

పుస్తకం బయటికి తీశాను. కుంచె మొన కుడి కంట్లోకి దిగింది. నుదుటి మీది చెమట కారి కాగితం మీద పడబోతే, నాయన రాతిదుమ్ము వాసన కొట్టే తువ్వాలుతో అద్దాడు. మళ్ళీ కారింది, మళ్ళీ అద్దాడు. రెండు కళ్ళూ అయ్యేసరికి ఇద్దరం ఊపిరి వదిలాం. ఎడమ కన్ను రవ్వంత పైకి పోయింది.

"కుడిది కుదిరింది. ఎడమది నీ మాట నమ్మినట్ల లేదు," అని మాత్రం అని, మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే ఆళ్ళగడ్డ పోయాడు.

ఆ తర్వాత ఎన్ని ముఖాలు వేశానో. ఇప్పుడు నా దగ్గరికి నేర్చుకోను వచ్చేవాళ్ళు కంప్యూటరు తెర మీదే వేస్తారు, తప్పు పడితే మీట నొక్కి వెనక్కి పోతారు, పక్కన ఒక మనిషి నిలబడాల్సిన అవసరమే వాళ్ళకు రాదు. నేను మాత్రం కళ్ళ దాకా వచ్చేసరికి ఇప్పటికీ కుంచె ఆపి ఇంట్లో ఎవరున్నారని పిలుస్తాను. బాగానే వస్తుందిలే, కానియ్ అని లోపలి గదిలోంచే ఎవరో ఒకరు అంటారు. చెమట నేనే తుడుచుకుంటాను.