కవిత్వం అడిగిన మొగుడు

మంచి కవిత్వం పుస్తకాలు చెప్పమని ఎవరైనా అడిగితే నాకు ముందు అనుమానమే వస్తుంది. తెలుగు టీచర్ని కాబట్టి అడుగుతుంటారు. ఒకరికి సభలో మాట్లాడాలి, ఇంకొకరికి పెళ్లి కార్డు మీదికి నాలుగు లైన్లు కావాలి. చదవడానికి అడిగేవాళ్లు తక్కువ.

అలాంటిది మా ఆయన అడిగాడు. శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం, పేపర్లో క్రికెట్ పేజీ దాటని మనిషి. "పాతదొకటి, కొత్తదొకటి, మంచివి చూసి ఇయ్యి" అన్నాడు. ఎవరికని అడిగితే "ఒకరికిలే" అన్నాడు. పైగా వారానికి రెండు రోజులు తిరుపతిలో మా ఇంటికి ఆలస్యంగా చేరుతున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా. నాకు ఒళ్లు మండింది.

ఏరి ఏరి ఇచ్చాను. పాతవాటిలో, ఎమ్మేలో నిఘంటువు పక్కన పెట్టుకుని కుస్తీ పట్టిన ప్రబంధం. కొత్తవాటిలో, రాసినాయనకైనా అర్థమైందో లేదో తెలియని వచన కవితలు. "వీటిని మించినవి లేవు" అన్నాను. ఆమె ఎవరో గానీ మొదటి పేజీకే పారిపోవాలని నా కోరిక.

రెండు వారాలకు నాయుడుపేట నుంచి తోడికోడలు ఫోన్ చేసింది. పక్షవాతంతో మాట పడిపోయిన మామ వాళ్ల దగ్గరే ఉంటాడు. పెళ్లినాడు ఆయన "పుస్తకాలు సదివే ఆడది సంసారమేం జేస్తాది" అన్నాడని, అప్పట్నుంచి నేను ఆ గడప తొక్కలేదు.

"నీ మొగుడు ఈడ బస్సు దిగి మామకు పద్యాలు సదువుతా ఉండాడక్కా. చిన్నప్పుడు నేర్సినవి వింటే మాట కలుస్తాదని డాక్టరు చెప్పినాడంట. మామ ఏవి నేర్సినాడో తెలీక పాతదీ కొత్తదీ రెండూ తెచ్చినాడు. ఆ పుస్తకాల్లో మామకు ఒక్క ముక్కా తెలీలా. ఏడ్సి గోడ పక్కకి తిరిగేసినాడు. వేరేవి ఉంటే పంపక్కా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆదివారం ఇద్దరం వెళ్లాం. బళ్లో పిల్లలకు చెప్పే శతకం తీసుకుపోయి చదివాను. నాలుగో పద్యంలో చివరి పాదం దగ్గర ఆగితే, మామ గోడవైపే తిరిగి, నత్తినత్తిగా పూర్తిచేశాడు.

తిరుగు బస్సులో మా ఆయన్ని నిలదీశాను. "మామకని నాతో చెప్పొచ్చు కదా?"

"నాయనకని చెప్పింటే ఇచ్చింటావా?" అన్నాడు.

ఇచ్చేదాన్నే అనబోయాను. శతకం తీసి ఆయన సంచిలో పెట్టాను.