యంత్రం కాలి కింద నిమ్మకాయ

చెన్నబోయిన యుగేందర్, వయస్సు ముప్పై నాలుగు సంవత్సరములు, నివాసం నర్మెట్ట. ఈయనను పదకొండు సంవత్సరములుగా ఎరుగుదును. అబద్ధమాడడు, ఎవరేమి చెప్పినా నమ్ముతాడు. మొదటి గుణం వల్ల ఈయనకు ఒరిగిందేమీ లేదు. రెండవది కొలువుకే ఎసరు తెచ్చింది.

మా పాడి రైతుల సంఘంలో, బర్రెలు చూలు కట్టుటకు వాడే వీర్యాన్ని పరీక్షించుట ఈయన పని. పూర్వం సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి చూసేవాడు. నిరుడు దసరాకు ముందు కంప్యూటర్ తగిలించిన కొత్త యంత్రం వచ్చింది. కణాల కదలికను అది వీడియో తీసి, కదిలే ప్రతి కణం వెంట పచ్చగీత గీస్తుంది. కదలని కణానికి ఎర్రచుక్క పెడుతుంది.

ఆయుధపూజ నాడు సంఘాధ్యక్షులు సోమనర్సయ్య గారు కొబ్బరికాయ కొట్టి, యుగేందర్ చేతికి నిమ్మకాయ ఇచ్చారు.

"గిది బండి కాదు గద బాపూ?"

"ట్రాక్టర్‌కు పెట్టలేదా? గింత పెద్ద మిషిన్‌కు దిష్టి తాకదా? పెట్టుర!"

యంత్రం వెనుక కాలి కింద పెట్టాడు. ట్రాక్టరైతే కదిలి కాయను నలిపేది. ఇది నడిచే యంత్రం కాదు. బంతిపూల దండ చాటున కాయ అట్లే ఉండిపోయింది, యంత్రం ముందుకు ఒరిగింది. గాజుపలక మీది వీర్యపు చుక్క పల్లానికి జారింది. చచ్చిన కణాలూ దానితో కొట్టుకుపోగా, యంత్రం వాటన్నిటి వెంట పచ్చగీతలు గీసింది. అన్నీ మేడారం జాతర బండ్లవలె ఒకే దిక్కుకు! యుగేందర్ వాటి క్రమశిక్షణకు మురిసి "అత్యుత్తమం" అని ధ్రువపత్రాలు రాశాడు. అధ్యక్షులవారు చూడకయే సంతకాలు చేశారు.

చూలు నిలవక, సంఘ సభ్యురాలు గట్టమ్మ బర్రె మూడవసారి ఎదకు వచ్చింది. ఆమె సంఘం గడపలో నిలబడి అరిచింది.

"ఏంరా యుగేందరూ, నీ టీవీల ఉరుకుతయి, నా బర్రె కడుపుల నిల్వయేంది?"

"కంప్యూటర్ అబద్ధమాడదవ్వా. జర బర్రెను దవాఖానల సూపియ్యి."

"బర్రె మంచిగనే ఉన్నది బిడ్డా. నీ డబ్బనే సూపియ్యి!"

ఆమె నోటికి జడిసి హైదరాబాదు నుండి మెకానిక్‌ను పిలిపించారు. ఎండిన దండ తీయగానే కాయ బయటపడింది.

విచారణ సంఘానికి కూడా సోమనర్సయ్య గారే అధ్యక్షులు.

"నిమ్మకాయ ఇచ్చింది నేనే. గని గాడ్నే ఉంచుమన్ననార?"

"అనలేదు బాపూ," అని యుగేందర్ వినయంగా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ఆధారంగానే తొలగింపు ఉత్తర్వు సిద్ధమైంది. సర్వసభ్య సమావేశం ఆమోదించుటయే తరువాయి.

కావున గౌరవ సభ్యులకు మనవి. ఆ ఉత్తర్వులో, ధ్రువపత్రాలపై సంతకం చేసినవారి పేరును కూడా చేర్చవలెను. అందుకు సభవారికి ధైర్యం చాలనిచో, యుగేందర్‌ను కొలువులోనే ఉంచి, యంత్రం గీసిన గీతలను ఇకపై తన కంటితో కూడా సరిచూసుకొనునట్లు ఆదేశింప ప్రార్థిస్తున్నాను.