సారు వెతికి తెచ్చిన అర్థం

మా ఇంగ్లీషు సారు పోయారని పోయిన బుధవారం తెలిసింది. కండ్లకోయలో కాలేజీ ఆఫీసులో పనిలో ఉన్నాను. సారు భార్య ఫోన్ చేసి, "నిన్న పొద్దున్నే వెళ్ళిపోయారమ్మా. నీ నంబరు ఆయన డైరీలో ఇవాళే దొరికింది" అన్నారు. అప్పటికే అంతా అయిపోయింది. రెండు నెలల క్రితం సారే ఫోన్ చేసి, "వీలు చూసుకుని ఒకసారి రా అమ్మా" అన్నారు. వస్తానన్నాను. వెళ్ళలేదు.

తొంభైల్లో ఆయన శామీర్‌పేటలో మా బడికి వచ్చారు. కోస్తా మనిషి, తూంకుంటలో ఇల్లు కట్టుకున్నారు. అరిగిన సుద్దముక్కలు చొక్కా జేబులో దాచుకునేవారు. గోరంత మిగిలినా దాంతోనే రాసేవారు.

నేను ఎనిమిదో తరగతి. బక్కగా, అందరికన్నా పొట్టిగా ఉండేదాన్ని. ఒకరోజు పాఠంలో 'ప్యూనీ' అనే మాట వచ్చింది. సారు నన్ను లేపి నిలబెట్టి, "ఇదిగో, ఇలా బక్కగా ఉంటే ప్యూనీ" అన్నారు నవ్వుతూ. క్లాసంతా నవ్వింది. మధ్యాహ్నానికల్లా నేను ప్యూనునైపోయాను.

"ఓ ప్యూనూ, పోయి గంట గొట్టు!"

మర్నాటి నుంచి బడికి వెళ్ళలేదు. అమ్మతోపాటు చెరువు గట్టున చేపల బుట్ట దగ్గర కూర్చున్నాను.

వారం తర్వాత సారు మా ఇంటికొచ్చారు, చంకలో లావుపాటి డిక్షనరీతో. అమ్మ మంచం వాల్చింది. ఆయన కూర్చోకుండానే డిక్షనరీ తెరిచారు.

"తప్పు నాదేనమ్మా. ఆ మాట పిల్ల మీద వాడకుండా ఉండాల్సింది. ఇంటికెళ్ళి చూశాను. ఫ్రెంచి వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందట. అసలు అర్థం 'తర్వాత పుట్టినవాళ్ళు' అని, అంతే. తర్వాత పుట్టినవాళ్ళు చిన్నవాళ్ళు కదా, పోనుపోను బలం లేనివాళ్ళనే అర్థం వచ్చేసింది."

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"గా మాట నిజమే సారూ. వాళ్ళ నాయిన సెరువుల మునిగి పోయినంక మూడు నెలలకు పుట్టింది గీ పిల్ల. దీని కాలు మంచిది గాదని ఊర్లె అందరు అననే అంటరు."

సారు ముఖం పాలిపోయింది. పుస్తకం మూసేసి నా వైపు తిరిగారు.

"తర్వాత పుట్టడం నీ తప్పు కాదమ్మా."

అంతకుముందు ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

మర్నాడు క్లాసులో అందరి ముందూ తప్పు తనదేనన్నారు. ఆ పిలుపు వెంటనే ఆగలేదు. పదో తరగతి దాకా అక్కడక్కడా వినపడుతూనే ఉంది. నేను మాత్రం బడి మానలేదు. ఆ తర్వాత సారు ఏ మాటకూ ఏ పిల్లనూ లేపి చూపించలేదు. "మాట వాడేముందు అది ఎవరికి తగులుతుందో చూడండి" అనేవారు.

బుధవారం సాయంత్రం తూంకుంట వెళ్ళాను. నెల క్రితం పక్షవాతం వచ్చి సారుకు మాట పడిపోయిందట.

"నన్నెందుకు రమ్మన్నారో మీకేమైనా చెప్పారా మేడం?" అని అడిగాను.

"లేదమ్మా. నువ్వొచ్చాక చెబుతానన్నారు."

బయట ముసురు పట్టింది. షామియానా విప్పి ఆటోలో వేస్తున్నారు. కుర్చీల కాళ్ళు దిగబడిన చిన్న చిన్న గుంటల్లో వాన నీళ్ళు నిండుతున్నాయి.